నడక కారు, పరుగు బొమ్మ

కారు ప్రకటనలు చూస్తుంటారు గదా! కారు స్పష్టంగానే ఉంటుంది. రోడ్డూ, చెట్లూ గీతలు గీతలుగా వెనక్కు పారిపోతుంటాయి. మొన్న మా తమ్ముడి కారుకు నేనూ అలాంటి ఫోటో తీశాను. వేగమా? మనిషి నడిచినంత!

గాలి పోతే గట్టిగా పట్టుకొనే రబ్బరు కప్పులను కారు రేకుకు అంటించి, వాటికి పొడుగాటి గొట్టం, దాని చివర కెమేరా బిగించాలి. ఇంజను నడిస్తే ఆ అదురుకే బొమ్మ చెడుతుంది. అందుకని ఖాళీ రోడ్డు మీద వెనకనుంచి తోయడమే. రెండు సెకండ్లు కెమేరా కన్ను తెరచి ఉంచితే, కారు కదిలేది ఏడెనిమిది అడుగులు. కెమేరా కూడా దానితోనే కదులుతుంది గనుక కారు చెదరదు, దారి చెదురుతుంది. బొమ్మలో పడ్డ గొట్టాన్ని తరువాత కంప్యూటరులో చెరిపేస్తాం.

ఇలాంటి కనికట్టు పాతదే. 1976లో ఫ్రెంచి దర్శకుడు క్లాడ్ లెలూష్ మెర్సిడెస్ కారు ముందు కెమేరా బిగించి పారిస్ వీధుల్లో తీసిన చిన్న చిత్రంలో, మనకు వినిపించేది ఫెరారీ చప్పుడు!

మొదటిసారి నేను దుమ్ము తుడవకుండానే అంటించాను. నాలుగడుగులు పోయేసరికి ఒక కప్పు ఠప్పున ఊడింది. కెమేరా నేలకు జానెడెత్తున వేళ్ళాడింది. ముందుచూపుతో దానికి తాడు కట్టింది మా ఆవిడ, నేను కాదు. రెండోసారి రేకు శుభ్రంగా తుడిచి, తడి ఆర్చి, మళ్ళీ బిగించాను.

ఆ బొమ్మ చూసి మా అమ్మ తమ్ముణ్ణి కేకలేసింది: "పిల్లలు గలవాడివి, అంత జోరేమిట్రా?"


తోసి తోసి వాడికింకా నడుం నొప్పి తగ్గలేదు.