బలం, దమ్ము, నిబ్బరం: పోరాట క్రీడల సాధన వెనుక శాస్త్రం

రాయపూర్‌లో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దు వాలినా నేల వేడి చల్లారదు. అలాంటి సాయంత్రాల్లో కరాటే, జూడో, బాక్సింగ్ నేర్చుకునే పిల్లలకు తరచూ వినిపించే మాట: "ఎంత చెమట పడితే అంత మంచిది." ఈ మాటలో కొంత నిజముంది, కొంత ప్రమాదమూ ఉంది. అదేమిటో తెలియాలంటే సాధన సమయంలో ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి.

బలం అంటే కండ ఒక్కటే కాదు

కొత్తగా బరువులెత్తేవారికి మొదటి కొన్ని వారాల్లోనే బలం పెరుగుతుంది. అద్దంలో చూస్తే కండ మాత్రం పెద్దగా మారదు. ఈ తొలి పెరుగుదల ఎక్కువగా నాడీవ్యవస్థ నుంచి వస్తుంది. మెదడు ఇచ్చే సంకేతాలతో ఎక్కువ కండర తంతువులు ఒకేసారి పనిలోకి దిగుతాయి. కండ పెరగడం ఆ తర్వాతి సంగతి.

పిడిగుద్దులోని బలం కూడా చేతిలోనే పుట్టదు. పాదం నేలను నెట్టినప్పుడు మొదలై తొడ, నడుము, భుజం మీదుగా పిడికిలికి చేరుతుంది. ఈ వరుసలో ఏ భాగం వెనకబడినా దెబ్బలో పస తగ్గుతుంది. కండలు తిరిగిన కొత్తవారి కన్నా సన్నగా ఉన్న అనుభవజ్ఞులు ఒక్కోసారి గట్టిగా కొట్టగలగడానికి కారణం ఇదే.

10 సెకన్ల నిల్వ, 3 నిమిషాల రౌండు

బాక్సింగ్‌లో ఒక్కో రౌండు 3 నిమిషాలు, మధ్యలో విరామం 1 నిమిషం. మెరుపులాంటి దెబ్బకు కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ శక్తినిస్తాయి. పూర్తి తీవ్రతతో వాడితే ఈ నిల్వ సుమారు 10 సెకన్లలో చాలావరకు కరిగిపోతుంది. ఆపై ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజును విడగొట్టే మార్గం ముందుకొస్తుంది. అది వేగంగా శక్తినిస్తుంది, అలసటనూ తెస్తుంది. తరిగిన నిల్వలను తిరిగి నింపేది ఆక్సిజన్‌తో నడిచే మూడో మార్గం. తెల్లవారుజామున తీసే పరుగు ఈ మార్గాన్నే బలపరుస్తుంది. దానివల్ల దెబ్బ బలం పెరగకపోవచ్చు గానీ, మొదటి రౌండులోని దెబ్బ మూడో రౌండులోనూ మిగులుతుంది.

అలాగని రెండింటినీ రోజూ గరిష్ఠంగా చేస్తే సరిపోదు. 1980లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 10 వారాల అధ్యయనం చేశారు. ఒక జట్టు బరువులు మాత్రమే ఎత్తింది, ఇంకొకటి దమ్ము పెంచే సాధన మాత్రమే చేసింది, మూడోది రెండూ చేసింది. మూడో జట్టు బలం మొదట బాగానే పెరిగి, తర్వాత ఆగిపోయి, చివరి వారాల్లో తగ్గింది. సాధన ఎంత భారమైతే శరీరం కోలుకోవడానికి అంత వ్యవధి కావాలి. బలమూ దమ్మూ రెండూ ఆ ఒక్క వ్యవధినే పంచుకోవాలి.

మనసుకూ సాధన ఉంది

బరిలో కొంత ఉద్వేగం మేలే చేస్తుంది. అది హద్దు దాటితే చూపు ఇరుకవుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, ఎదుటివారి కదలిక ఆలస్యంగా అందుతుంది. నెమ్మదిగా, నిశ్వాసాన్ని పొడిగిస్తూ శ్వాసిస్తే గుండె వేగం తగ్గుతుంది. రౌండ్ల మధ్య నిమిషంలో ఇది అక్కరకు రావాలంటే సాధనలోనే, అలసి ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి.

నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం గాయం ఆమెను చాలాకాలం బరికి దూరం చేసింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో ఆమె ప్రపంచ విజేత అయ్యారు. ఇంతటి తిరుగురాక వెనుక నెలల తరబడి ఓపిక ఉంటుంది.

తూకం ముందు ప్రమాదం

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల విభాగంలో దిగిన నిఖత్, ప్రీక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడారు. బరువు నిలుపుకోవడానికి రెండు రోజులు తిండి, నీళ్లు మానుకున్నానని తర్వాత ఆమే చెప్పారు. అదే ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్ 100 గ్రాముల అధిక బరువు కారణంగా ఫైనల్‌కు ముందు అనర్హురాలయ్యారు.

ఒంట్లో నీరు తగ్గితే రక్త పరిమాణం తగ్గి గుండెపై భారం పెరుగుతుంది. శరీరం వేడిని వదిలించుకోలేదు. 1997 చివరలో అమెరికాలో బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు కొన్ని వారాల తేడాతో మరణించారు. ఆ తర్వాత అక్కడ నిబంధనలు కఠినమయ్యాయి.

ఇక చెమట సంగతి. ఒంటిని చల్లబరిచేది కారిపోయే చెమట కాదు, ఆవిరయ్యే చెమట. వానాకాలపు ఉక్కలో అది ఆవిరి కాక కారిపోతుంది. అలాంటప్పుడు ఎండ లేకపోయినా ముప్పు ఉంటుంది.

పాటించదగినవి

• సాధనకు ముందు, తర్వాత బరువు చూసుకోవాలి. 50 కిలోల వ్యక్తి 1 కిలో తగ్గితే 2 శాతం నీరు పోయినట్టే. ఆ స్థాయిలో దమ్ము తగ్గడం మొదలవుతుంది.
• వేసవిలో సాధనను ఉదయానికి మార్చాలి. శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.
• గట్టి బలం సాధన, గట్టి పరుగు వీలైనంతవరకు వేర్వేరు రోజుల్లో ఉండాలి. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి తీసుకోవాలి.
• ఎదిగే పిల్లలను తూకం కోసం పస్తులుంచకూడదు. వారి సహజ బరువుకు తగిన విభాగంలోనే దించాలి.
• ఎవరైనా తూలుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే ఆపించి నీడకు చేర్చాలి. ఒంటిపై చల్లటి నీళ్లు పోస్తూ ఆసుపత్రికి తరలించాలి. వడదెబ్బలో ప్రతి నిమిషమూ విలువైనదే.

"ఇక చాలు" అని పిల్లవాడు అన్నప్పుడు దాన్ని బద్ధకంగా తీసిపారేయకుండా వినే గురువు ఉన్న చోట బలం, దమ్ము, నిబ్బరం మూడూ కలిసి ఎదుగుతాయి.