గర్భసంచిలో గడ్డలు: చికిత్సను ఎంచుకొను విధము

గర్భసంచిలో గడ్డ యున్నదని స్కానింగులో తెలిసిన స్త్రీకి సాధారణముగ రెండు మాటలు వెంటనే వినవచ్చును. అది క్యాన్సరుగ మారునేమో అనునది మొదటిది. పిల్లలు పుట్టిన పిమ్మట ఆ సంచితో ఇంక పని యేమున్నది, తీసివేయించుకొనుట మేలు అనునది రెండవది. ఈ మాటలు ఇరుగుపొరుగువారి నోటనే గాక ఒక్కొక్కప్పుడు ఆసుపత్రులలో కూడ వినబడుచున్నవి. మొదటి భయమునకు ఆధారము మిక్కిలి స్వల్పము. రెండవ సలహా కొందరి విషయమున సరియైనదే కావచ్చును; కాని దానికి చూపు కారణము సరియైనది కాదు.

ఈ గడ్డలను వైద్యులు ఫైబ్రాయిడ్లు అందురు. గర్భసంచి గోడ కండరముతో నిర్మింపబడినది. ఆ కండరములోని ఒక కణము మితిమీరి పెరిగి గట్టి ఉండవలె ఏర్పడుటయే ఫైబ్రాయిడు. అది ఆవగింజంత ఉండవచ్చును, పుచ్చకాయంత కావచ్చును. ఒక్కటే యుండవచ్చును, పదులకొలది యుండవచ్చును. స్త్రీ శరీరములోని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అను హార్మోనులు వీనికి ఆహారము వంటివి. కావున రజస్వల కాకముందు ఇవి కానరావు. ముట్లుడిగిన పిమ్మట చాలవరకు కుంచించుకొని పోవును. నలుబది, ఏబది ఏండ్ల ప్రాయమున ఇవి ఎంత సాధారణమనగా, అమెరికాలో స్కానింగు ద్వారా జరిపిన పరిశీలనలలో ఏబది ఏండ్లు వచ్చునప్పటికి సగముకన్న ఎక్కువమంది స్త్రీలలో కనబడినవి. వారిలో అనేకులకు ఏ బాధయు లేదు. గడ్డ యున్న సంగతియే తెలియదు.

క్యాన్సరు సంగతి స్పష్టముగ చెప్పవలసియున్నది. ఫైబ్రాయిడు క్యాన్సరు కాదు. గర్భసంచి కండరములో పుట్టు క్యాన్సరు వేరొకటి కలదు, అది అరుదైనది. ఫైబ్రాయిడు అనుకొని శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో కూడ అట్టిది బయటపడునది కొన్ని వందలమందిలో ఒకరికి మాత్రమే. అందువలన నలుబది ఏండ్ల స్త్రీకి స్కానింగులో చిన్న గడ్డ కనబడినంతమాత్రమున, "ఇప్పుడే తీయనిచో క్యాన్సరు వచ్చును" అని తొందరపెట్టుట తగదు. అయితే ముట్లుడిగిన తరువాత తిరిగి రక్తము కనబడినను, ఆ వయస్సులో గడ్డ పెరుగుచున్నను, అది గడ్డలోని సహజ దోషమేనని ఊరకుండరాదు. ఆలస్యము చేయక పరీక్ష చేయించుకొనవలెను.

గడ్డ ఎంత పెద్దదనుటకన్న అది ఎచ్చట నున్నదనునది ముఖ్యము. గర్భసంచి లోపలి పొరవైపు పొడుచుకొని వచ్చిన గడ్డ నిమ్మకాయంతదే యైనను విపరీతముగ రక్తస్రావము కలిగింపగలదు, గర్భము నిలువకుండ చేయగలదు. గోడ మధ్యనున్నది పెరిగినకొలది స్రావమును, నొప్పిని కలిగించును. వెలుపలివైపు పెరిగిన గడ్డ నారింజకాయంతదైనను బహిష్టులలో ఏ మార్పును తేకపోవచ్చును. అది మూత్రాశయము మీదనో మలాశయము మీదనో ఒత్తినప్పుడు మాత్రమే తెలియవచ్చును. స్కానింగు రిపోర్టులో సెంటీమీటర్ల అంకె ఒక్కటే చూచి బెదరిపోవువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

కాబట్టి చికిత్సకు ముందు తేల్చవలసినది, స్త్రీని బాధించునది ఏది అనునది. ఏ బాధయు లేనిచో చికిత్స అవసరము లేదు. ఏడాదికొకసారి పరీక్ష చేయించుకొనుట చాలును. ఇది నిర్లక్ష్యము కాదు, ఇదియు ఒక చికిత్సా మార్గమే. ముట్లుడుగుటకు చేరువలో నున్న స్త్రీ రెండు మూడేండ్లు ఓపిక పట్టినచో ప్రకృతియే ఆమె పని పూర్తిచేయవచ్చును.

బాధ యున్నవారిలో ఎక్కువమందిది రక్తస్రావమే. వారమునకు మించి కొనసాగు బహిష్టు, గడ్డలు గడ్డలుగ పడు రక్తము, రాత్రివేళ లేచి గుడ్డలు మార్చుకొనవలసి వచ్చుట, ఇవి అధిక స్రావమునకు గుర్తులు. మన స్త్రీలు వీనిని ఏండ్ల తరబడి సహింతురు. ఫలితముగ రక్తము పలచబడి, నాలుగు మెట్లు ఎక్కినను ఆయాసము వచ్చును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. ఇట్టి దేశములో నెలనెల అదనముగ పోవు రక్తము చిన్న విషయము కాదు. ఏ మార్గము నెంచుకొన్నను మొదట హీమోగ్లోబిను పరీక్ష చేయించి, ఇనుపధాతువు మాత్రలు వాడి రక్తమును పుంజుకొనవలెను. ఆపరేషను చేయించుకొనువారికి ఇది మరింత అవసరము.

అధిక స్రావమునకు కారణము ప్రతిసారియు గడ్డయే కానక్కరలేదని కూడ తెలియవలెను. థైరాయిడు లోపము, హార్మోనుల ఒడిదుడుకులు, రాగి లూపు, లోపలి పొరలోని దోషములు కూడ స్రావమును హెచ్చించును. గడ్డ ఒక మూలన నిరపాయముగ నుండి, దోషము వేరొకచోట ఉండవచ్చును. నలుబదియైదేండ్లు దాటినవారికి లోపలి పొరనుండి చిన్న ముక్క తీసి పరీక్షించుట ఇందుకే.

మందులు గడ్డను శాశ్వతముగ కరిగింపవు, బాధను తగ్గించును. అనేకులకు అదియే చాలును. ట్రానెక్సామిక్ ఆమ్లము మాత్రలను స్రావము ఎక్కువగ నున్న దినములలో మాత్రమే వాడుదురు. రక్తనాళములలో రక్తము గడ్డకట్టిన జబ్బు పూర్వము వచ్చినవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పవలెను. మెఫెనమిక్ ఆమ్లము నొప్పితోపాటు స్రావమును కూడ కొంత తగ్గించును. హార్మోను మాత్రలు కలవు. లెవోనార్జెస్ట్రెల్ అను హార్మోనును కొద్దికొద్దిగ విడుదల చేయు లూపు ఒకటి కలదు. గర్భసంచి లోపలి భాగము గడ్డవలన వంకర తిరుగనిచో దీనివలన మంచి గుణము కనబడును. అది ఏండ్ల తరబడి పనిచేయును. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగ రక్తము కనబడుట సహజము. ఈ మాట ముందు చెప్పకపోవుటచేతనే కొందరు భయపడి దానిని తీయించివేయుచున్నారు. తాత్కాలికముగ ముట్లను నిలిపి గడ్డను కుదించు ఇంజెక్షనులను శస్త్రచికిత్సకు ముందు మూడు నెలలు వాడుట కలదు. వానిని ఆపినచో గడ్డ తిరిగి పెరుగును; ఎక్కువకాలము వాడినచో ఎముకలు పలచబడును. ఈ తరగతిలో నోటి మాత్రలును ఇటీవల వచ్చినవి. ఉలిప్రిస్టాల్ అను మాత్రను మొదట చాల పొగడిరి. కాని కాలేయమునకు తీవ్రమైన హాని కలిగిన ఉదంతములు బయటపడుటచే 2020లో యూరోపియన్ ఔషధ సంస్థ దాని వాడకమును మిక్కిలి పరిమితము చేసినది. క్రొత్త మందు అన్నంతమాత్రమున నిరపాయమని తలపరాదు.

మందులతో లొంగనప్పుడు గడ్డను మాత్రము తీసి గర్భసంచిని నిలుపు శస్త్రచికిత్స కలదు. ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవారిలో ఆంగ్లేయ శస్త్రవైద్యుడు విక్టర్ బానీ ముఖ్యుడు. వివాహమైన కొలది కాలమునకే ఆయన భార్యకు ఫైబ్రాయిడ్లవలన గర్భసంచి తీసివేయవలసి వచ్చినది. వారికి సంతానము లేదు. తరువాత ఆయన తన వృత్తి జీవితములో ఎక్కువ భాగమును గర్భసంచిని కాపాడు శస్త్రచికిత్సకే వినియోగించెను. నేడు లోపలి పొరవైపు గడ్డలను యోనిమార్గమున సన్నని గొట్టము పంపి, పొట్టపై కోత లేకుండ తీయుదురు. ఇతర గడ్డలను పొట్టపై చిన్న రంధ్రముల ద్వారా గాని, పెద్ద కోతతో గాని తీయుదురు. బిడ్డలను కోరు స్త్రీకి సాధారణముగ ఇదియే తగిన మార్గము. ఇందు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. తీసిన గడ్డ మరల రాదు గాని, కంటికి కనబడని చిన్నవి తరువాత పెరుగవచ్చును. గోడపై లోతైన కోత పడినవారు కొన్ని నెలలు గర్భము దాల్చక ఆగవలెను. కాన్పు ఆసుపత్రిలోనే, తరచు సిజేరియను ద్వారా జరుగవలసియుండును. రంధ్రము ద్వారా తీయుటకై గడ్డను మోటారు పరికరముతో ముక్కలు చేయు పద్ధతిని గూర్చి 2014లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసినది. అరుదుగ దాగియున్న క్యాన్సరు ఆ ముక్కలతో పొట్టలో వ్యాపించునను భయమే అందులకు కారణము.

కోత లేని మరియొక మార్గమును 1995లో ఫ్రెంచి వైద్యుడు జాక్ రవీనా, ఆయన సహచరులు ప్రకటించిరి. తొడ మొదటనున్న రక్తనాళము ద్వారా సన్నని గొట్టము పంపి, గర్భసంచికి పోవు నాళములలో ఇసుకరేణువులవంటి కణములు వదలి, గడ్డకు రక్తము అందకుండ చేయుదురు. ఆహారము అందని గడ్డ క్రమముగ కుంచించుకొనును. తరువాత ఒకటి రెండు దినములు నొప్పి గట్టిగనే యుండును. నెదర్లాండ్సులో ఈ చికిత్స పొందినవారిని పదేండ్లు పరిశీలింపగా మూడింట రెండు వంతులమందికి గర్భసంచి తీయవలసిన అవసరము కలుగలేదు, మిగిలినవారికి కలిగినది. బ్రిటనులో దీనిని గడ్డ తీయు శస్త్రచికిత్సతో పోల్చి 2020లో ప్రకటించిన ఫలితములలో, రెండేండ్ల తరువాత శస్త్రచికిత్స పొందినవారి ఆరోగ్యము కొంత మెరుగుగ నుండెను. సంతానము కోరువారికి దీనిని మొదటి మార్గముగ సాధారణముగ సూచింపరు. మన దేశములో ఇది పెద్ద పట్టణములలోని కొన్ని ఆసుపత్రులకే పరిమితమైయున్నది. ధ్వనితరంగముల వేడిమితో గడ్డను మాడ్చు యంత్రములును కలవు గాని వానికి తగిన గడ్డలు కొన్ని మాత్రమే.

ఇక గర్భసంచిని పూర్తిగ తీసివేయుట. స్రావమునకు ఇది శాశ్వత పరిష్కారము. గడ్డ తిరిగి వచ్చు ప్రశ్నయే లేదు. ఏండ్ల తరబడి బాధపడి, ఇతర మార్గములు ఫలింపక, బిడ్డలు చాలుననుకొని దీనిని ఎంచుకొన్న స్త్రీలు అనేకులు సుఖముగ నున్నారు. వారి నిర్ణయము తప్పు కాదు. ఆక్షేపింపవలసినది వేరు. 2019–21 సర్వేలో దేశమంతటను 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 3 మందికి కొంచెము పైగ గర్భసంచి తీసివేయబడినట్లు తేలగా, ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను ఈ సంఖ్య నూటికి 8కి మించినది. వీనిలో అధిక భాగము ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. ముప్పది ఏండ్ల ప్రాయములోని స్త్రీలును వీరిలో పెక్కుమంది. 2019లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెరకుకోత కూలి స్త్రీలలో ఇట్టి ఆపరేషనులు విరివిగ జరుగుచున్నవని వెల్లడి కాగా, ఆ రాష్ట్ర ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. బహిష్టు దినములలో పని మానినచో కూలి పోవునను భయము ఆ స్త్రీలను ఈ దారి పట్టించినదని వార్తలు వచ్చినవి. 2022లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అనవసరపు ఆపరేషనుల నివారణకు మార్గదర్శక సూత్రములను వెలువరించి, జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పర్యవేక్షణ సంఘములను సూచించినది. వానిని మూడు నెలలలో అమలుపరచవలెనని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించెను.

చిన్న వయస్సున గర్భసంచి పోయిన స్త్రీకి నష్టము సంతానముతో ముగియదు. అండాశయములను నిలిపినను ముట్లుడుగు వయస్సు కొంత ముందుకు జరుగవచ్చును. పనిలో పనిగ వానిని కూడ తీసినచో మరునాటినుండియే ఒంటి ఆవిర్లు, నిద్రలేమి మొదలగును. ముందు ముందు ఎముకలు గుల్లబారుట, గుండె జబ్బు వచ్చుట ఇతరులకన్న అధికము. కాయకష్టము చేసి జీవించు స్త్రీకి ముప్పదియైదేండ్లకే ఎముకలు బలహీనపడుట ఎంత కష్టమో వివరింప నక్కరలేదు. ఆరోగ్యముగ నున్న అండాశయములను గడ్డకొరకు తీయనవసరము లేదు.

ఈ మార్గములన్నియు ప్రతి ఆసుపత్రిలో దొరకవు. తాము చేయగల చికిత్సనే వైద్యులు ముందుగ చెప్పుట లోకసహజము. అందుచేత స్త్రీయు, ఆమెతో వచ్చిన భర్తయో తల్లియో, కొన్ని ప్రశ్నలు జంకులేక అడుగవలెను. ఈ బాధకు కారణము ఈ గడ్డయేనా? మందులతో కొన్నాళ్లు చూడవచ్చునా? గడ్డను మాత్రము తీయుటకు వీలున్నదా, వీలు లేనిచో ఏల? అండాశయములను ఉంచుదురా? ఇచ్చట లేని చికిత్స ఎచ్చట నున్నది? వేరొక డాక్టరును, వీలైనచో జిల్లా ఆసుపత్రిలోనో వైద్యకళాశాల ఆసుపత్రిలోనో, సంప్రతించుట మొదటి డాక్టరుకు అవమానము కాదు. గంటగంటకు గుడ్డ తడిసిపోవుచున్నను, మూత్రము బిగబట్టినను, కడుపులో భరింపరాని నొప్పి యున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. అట్టి స్థితి లేనప్పుడు నిర్ణయమునకు కొన్ని వారముల వ్యవధి తీసికొనుటవలన గడ్డ చేయు హాని ఏమియు లేదు.

ఆపరేషను జరిగినచో, ఏమేమి తీసిరో, అండాశయములు, గర్భసంచి ముఖము ఉన్నవో లేవో వ్రాతపూర్వకముగ తెలుపు కాగితమును, తీసిన భాగముల పరీక్షా ఫలితమును అడిగి తీసికొని భద్రపరచుకొనవలెను. ముఖము మిగిలియున్న స్త్రీ దాని క్యాన్సరు పరీక్షను మానరాదు. పదేండ్ల తరువాత వేరొక డాక్టరు ప్రశ్నించినప్పుడు ఆ కాగితమే సమాధానము చెప్పును.