ఐస్ హాకీ మ్యాచ్‌కి ఏం వేసుకెళ్లాలి? ముందు సీటు ఎక్కడో చూడండి

మే నెలలో అమెరికాలోని డల్లాస్‌లో పగటి వేడి 30 డిగ్రీల సెల్సియస్ చేరడం మామూలే. ఆ ఎండలో కారు దిగి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లోకి అడుగుపెడితే, లోపల 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పున మంచు పరిచి ఉంటుంది. డల్లాస్ స్టార్స్ జట్టు ఆడేది అక్కడే. నేషనల్ హాకీ లీగ్ ఆఖరి దశ పోటీలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాగుతాయి. సరిగ్గా అదే కాలంలో ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోని తెలుగు కుటుంబాల దగ్గరికి ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళుతుంటారు. మ్యాచ్‌కి బయలుదేరే ముందు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "అక్కడ చలిగా ఉంటుందా? స్వెట్టర్ పెట్టుకోమంటావా?"

పెట్టుకోమనే చెప్పాలి. కానీ ఎంత మందం స్వెట్టర్ అనేది టికెట్ మీది సీటును బట్టి ఉంటుంది.

ఆటకు వాడే మంచు పొర మందం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. దాని కింది కాంక్రీటులో పరిచిన గొట్టాల గుండా గడ్డకట్టని చల్లని ద్రవం నిరంతరం ప్రవహిస్తూ, మంచు ఉపరితలాన్ని సుమారు మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. హాలులోని గాలి మాత్రం అంత చల్లగా ఉండదు, దాదాపు 15 డిగ్రీలు ఉంటుంది. దాన్ని వేడెక్కించేది చాలావరకు ప్రేక్షకులే. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది. ఈ హాలులో హాకీకి 18,500 మంది దాకా పడతారు. అందరూ వస్తే 1,800 కిలోవాట్లు దాటిన పొయ్యి వెలిగించినట్టే! ఆ వేడిగాలి పైకి పోతుంది. అందుకే పై వరుసల వాళ్లు చొక్కా మీద పలచటి స్వెట్టర్‌తో సరిపెట్టుకుంటారు. కింది వరుసల్లో కథ వేరు.

చల్లగాలి బరువైనది. కిరాణా కొట్లో ఐస్‌క్రీం ఫ్రీజర్ మూత పక్కకు జరిపినా చల్లదనం వెంటనే పోదు కదా, తొట్టిలో నీళ్లలా లోపలే ఉండిపోతుంది. మంచు చుట్టూ ఉండే చెక్కలు, అద్దాలు కూడా చల్లగాలిని అలాగే పట్టి ఉంచుతాయి. అయితే ముందు సీట్లలో వణికించేది గాలి ఒక్కటే కాదు, వికిరణం కూడా. మన చర్మం, బట్టలు ఎప్పుడూ పరారుణ కిరణాల రూపంలో వేడిని బయటికి పంపుతుంటాయి. ఎదుటి వస్తువులు కూడా వాటి వేడిని మన వైపు పంపుతాయి. 33 డిగ్రీల చర్మం 15 డిగ్రీల గోడ ముందుంటే చదరపు మీటరుకు నికరంగా 107 వాట్లు పోగొట్టుకుంటుంది. గోడ బదులు మైనస్ 5 డిగ్రీల మంచు మాత్రమే ఎదురుగా ఉందనుకుంటే నష్టం 200 వాట్లు దాటుతుంది. నిజానికి మన ఎదురుగా మంచుతో పాటు జనం, గోడలు, పైకప్పు కూడా ఉంటాయి కాబట్టి తేడా అంతకంటే తగ్గుతుంది. అయినా ముఖానికి తెలుస్తుంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కంటికి పారదర్శకంగా కనిపించే అద్దం మన శరీరపు పరారుణ కిరణాలకు మాత్రం గోడలాంటిదే. అంటే అద్దానికి ఆనుకున్న మొదటి వరుసలో కూర్చున్న వారి శరీరం మంచును నేరుగా "చూడదు", అద్దాన్ని చూస్తుంది. అద్దం పైఅంచు మీదుగా మంచు కనిపించే వరుసల వారే దాన్ని నేరుగా ఎదుర్కొంటారు. అలాగని మొదటి వరుస వెచ్చనేమీ కాదు. ఆ అద్దమూ చల్లబడే ఉంటుంది, అడుగున చల్లగాలీ ఉంటుంది.

మరి ఎన్ని బట్టలు? దీనికి శాస్త్రవేత్తల దగ్గర ఒక కొలత ఉంది, పేరు "క్లో". 1941లో గ్యాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు దీన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో కదలకుండా కూర్చున్న మనిషికి హాయిగా ఉండాలంటే కావలసిన బట్టల నిరోధకత ఒక క్లో. స్థూలంగా ఒక సూటు అనుకోండి. అదే లెక్కను 15 డిగ్రీలకు వర్తింపజేస్తే సుమారు 1.8 క్లో కావాలి. ఆరు డిగ్రీల తేడాకే అవసరం దాదాపు రెట్టింపవుతుంది! పైగా విరామాలతో కలిపి ఆట రెండున్నర గంటలు సాగుతుంది.

చీరతో వెళ్లవచ్చా? తప్పకుండా. హైదరాబాదు ఇళ్లలో ఉష్ణ సౌఖ్యంపై పరిశోధన చేసిన మాధవి ఇంద్రగంటి, తన సహచరులతో కలిసి బొమ్మ మనిషికి చీరలు కట్టి వాటి నిరోధకతను కొలిచారు. కట్టే తీరును బట్టి అది మారుతుందని తేలింది. పైట భుజాల చుట్టూ కప్పుకోవడం మన అమ్మలకు ఎవరూ నేర్పనక్కర్లేదు లెండి. కాకపోతే చీర కింద వెచ్చటి లెగ్గింగ్స్, పైన ఉన్ని శాలువా లేదా ముందు జిప్ ఉన్న స్వెట్టర్ ఉండాలి. జిప్ ఎందుకంటే, గోల్ పడితే అందరూ లేచి అరుస్తారు. ఆ కాసేపు ఒళ్లు వేడెక్కుతుంది. అప్పుడు చెమట పట్టి నూలు బట్ట తడిస్తే ఇబ్బంది. బట్ట వెచ్చగా ఉండేది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్ల. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేవి పాదాలు. కింద చల్లటి కాంక్రీటు. చలి తగలగానే శరీరం వేళ్లకు పోయే రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, లోపలి అవయవాల వెచ్చదనాన్ని కాపాడుకుంటుంది. దీనివల్ల రక్తపోటు కూడా కొంత పెరుగుతుంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చలి ఎంత తగులుతోందో తెలియకపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి ఆయాసం తెప్పించవచ్చు. అందుకని ఇలాంటి పెద్దవాళ్లకు టికెట్ కొనేటప్పుడే పై వరుస తీసుకోవడం మేలు. చెప్పుల బదులు మందపాటి అడుగున్న బూట్లు, ఒక జత ఉన్ని మేజోళ్లు చాలు. బిగుతు బూట్లలో రెండు జతలు కుక్కితే మధ్యలోని గాలి పోయి చలి మరింత ఎక్కువవుతుంది. బీరు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ, అది చర్మంలోని రక్తనాళాలను తెరిచి ఉన్న వేడిని బయటికి పంపేస్తుంది.

తలనుంచే సగం వేడి పోతుందన్నది అపోహ. తల శరీర వైశాల్యంలో పదో వంతుకు మించదు, కప్పకపోతే పోయే వేడీ దాదాపు ఆ మేరకే. టోపీ పెట్టుకోండి, కానీ ఖరీదైనది వద్దు. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే అభిమానులు టోపీలను మంచు మీదికి విసరడం ఆనవాయితీ! ఇక జట్టు జెర్సీ అంటారా, అది ఆటగాళ్ల రక్షణ కవచాల మీద వేసుకునే వదులైన పాలియెస్టర్ వల. చలి ఆపదు. ఒక సైజు పెద్దది కొని, లోపల స్వెట్టర్ వేసుకోవాలి.

ఇదంతా పైకప్పు ఉన్నప్పటి మాట. 2003 నవంబరు 22న కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆరుబయట మైదానంలో ఆడిన మ్యాచ్‌ను మైనస్ 18 డిగ్రీల చలిలో 57,167 మంది చూశారు. ఆ రోజు మాంట్రియల్ గోల్‌కీపర్ జోసే థియోడోర్ తన ముఖ కవచం మీదే ఉన్ని టోపీ తగిలించుకుని ఆడాడు.