ఇంట్లోనే టోఫు: గింజ నుంచి పులుసు చట్టి దాకా



కార్తీక మాసం వస్తే మా ఇందుకూరుపేట పక్క చాలా ఇళ్లల్లో చేపల చట్టి అటకెక్కుద్ది. మైపాడు సముద్రం మా మండలంలోనే ఉన్నా ఆ నెల రోజులు నీసు ముట్టరు. "చేప లేకుండా పులుసులో ఏమెయ్యాలిరా? రోజూ ములక్కాడేనా?" అని ఒకరోజు మా అమ్మ అడిగింది. నేను టోఫు మొదలుపెట్టింది ఆ ప్రశ్నతోనే. మొదటిసారి చేసి పెడితే ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఏంది నాయనా ఇది, సబ్బు ముక్క మాదిరి ఉండాది" అని పళ్లెం పక్కన పెట్టేసింది.

అక్కడే ఆగి నేర్చుకుని ఉండాల్సింది. నేను ఆగలా. రెండు వారాలు తిరక్కముందే 40 ప్యాకెట్లు చేసి, మా దగ్గర కూరగాయలు తీసుకునే ఇళ్లకు పంపించా. 11 ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. కొందరు చేదన్నారు, కొందరు పులిసిపోయిందన్నారు. డబ్బులు వెనక్కి ఇచ్చేశా. ఆ 11 ఇళ్లల్లో మూడు ఇళ్లు కూరగాయలు కూడా మానేశాయి. రసాయనాలు లేకుండా పండిస్తున్నాం అని చెప్పే మాట మీద నమ్మకంతోనే జనం మన దగ్గర కొంటారు. ఆ నమ్మకం ఒక్క ప్యాకెట్‌తో పోతుందని నాకప్పుడు తెలిసింది.

తర్వాత చాలాసార్లు చేసి చూస్తే తప్పులన్నీ మూడు చోట్లే ఉన్నాయి: గింజ, పాలు కాగడం, పాలు విరిచే పదార్థం. వీడియోలో పని ఎలా చెయ్యాలో చూపించా. ఎందుకు అలా చెయ్యాలో, కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నా.

గింజ ఎక్కడిది?

సోయా చిక్కుడు మన నెల్లూరు పంట కాదు. దేశంలో ఎక్కువ పండేది మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో. తెలుగు నేల మీద అయితే ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో ఖరీఫ్‌లో వేస్తారు. నేను కూడా గట్టు మీద రెండు సాళ్లు వేసి చూశా. 40 రోజులకు మొక్క పీకితే వేరు మీద ఒక్క బుడిపె లేదు, ఆకు పాలిపోయింది. సోయా ఎప్పుడూ వెయ్యని నేలలో దానికి కావలసిన రైజోబియం ఉండదు. విత్తనానికి ఆ కల్చర్ పట్టించి వెయ్యాలి. పైగా మన తీరంలో వేడికి, తేమకి సోయా విత్తనం మొలక శక్తి తొందరగా పడిపోతుంది. అందుకే పెసర, మినుము తీసేసి సోయా వెయ్యమని నేను ఎవరికీ చెప్పను. నిజామాబాద్ వైపు మందుల్లేకుండా పండించే రైతు దగ్గర ఏడాదికి సరిపడా గింజ తెప్పించుకుంటున్నా.

"సోయా అంటే జీఎం కదా" అని చాలామంది అడుగుతారు. మన దేశంలో జీఎం సోయా సాగుకు అనుమతి లేదు. 2021లో దాణా కోసం 12 లక్షల టన్నుల జీఎం సోయా పిండి దిగుమతికి కేంద్రం అనుమతిచ్చింది. అది నూనె తీసిన పిండి, గింజ కాదు. అయినా ఏ రైతు పండించాడో తెలిసిన గింజ కొనుక్కుంటే ఆ అనుమానమే ఉండదు. గింజ పసుపుగా, నిండుగా ఉండాలి. ముడతలు పడినవి, నల్ల మచ్చలవి, పగిలినవి ఏరెయ్యండి. పాత గింజ అయితే పాలు తక్కువ వస్తాయి, కనరు వాసన వస్తుంది.

సోయా మనకు కొత్త అనుకోవద్దు. మణిపూర్‌లో హవైజార్, నాగాలాండ్‌లో ఆక్సోనె అని సోయాను పులియబెట్టి ఎప్పటి నుంచో తింటున్నారు. మా మండలంలోనే పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న దాన్ని ప్రారంభించిన గాంధీగారే, 1935లో వార్ధా మగన్‌వాడీలో తోటివాళ్ల భోజనంలో సోయా పెట్టి చూసి, ఆ సంగతులు 'హరిజన్' పత్రికలో రాశారు. పేదవాడికి తక్కువ ఖర్చులో బలమైన తిండి ఎట్లా అన్నది ఆయన వెతుకులాట. ఎండు గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి.

దేంతో విరవాలి?

నా 11 ప్యాకెట్లలో చాలా వరకు చెడింది ఇక్కడే. మూడు దారులున్నాయి.

నిమ్మరసం: గూడూరు నిమ్మ మనకు పక్కనే. 250 గ్రాముల గింజకు 3 నుంచి 4 టేబుల్ స్పూన్ల రసం చాలు. టోఫు మెత్తగా, కొంచెం పుల్లగా వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి.

మెగ్నీషియం క్లోరైడ్: ఉప్పు మళ్లలో ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే. జపాన్‌లో నిగారి అంటారు. రుచి బాగుంటుంది, కానీ ఎక్కువైతే చేదు. 250 గ్రాముల గింజకు ఒకటిన్నర టీస్పూను కరిగించి పెట్టుకుని, అవసరమైనంతే వాడాలి. నేను ఒకేసారి గుమ్మరించా, అందుకే చేదొచ్చింది.

జిప్సం: కాల్షియం సల్ఫేట్. టోఫు బరువు ఎక్కువ వస్తుంది, నున్నగా ఉంటుంది. కాల్షియం కూడా కలుస్తుంది. ఇదీ ఒకటిన్నర టీస్పూనే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మన రొయ్యల గుంటలకు వేసే మెగ్నీషియం క్లోరైడ్ సంచి, వేరుశనగకు వేసే జిప్సం సంచి దాదాపు ప్రతి ఇంటి వసారాలో ఉంటాయి. "అదీ ఇదీ ఒకటే కదా, చెంచాడు తీసుకుంటే ఏమవుద్ది" అని మా బావమరిది అన్నాడు. పేరు ఒకటే, శుభ్రత ఒకటి కాదు. గుంటకు, పొలానికి వేసే సరుకులో మట్టి, వేరే లవణాలు, భార లోహాలు ఉన్నాయా లేవా అని మనిషి తిండి లెక్కలో ఎవరూ పరీక్షించరు. ఆహార అవసరాలకు అని లేబుల్ మీద రాసి ఉన్నదే కొనండి. కొరియాలో గాంగ్‌నుంగ్ తీరంలో సముద్రపు నీళ్లతోనే టోఫు విరుస్తారు. అది చూసి మైపాడులో బిందె ముంచొద్దు. మన తీరంలో గుంటల నీళ్లు కాలవల్లో పడి సముద్రంలోకే పోతున్నాయి.

చేసే పద్ధతి (250 గ్రాముల గింజకు)

1. గింజలు కడిగి రాత్రి నానబెట్టండి. ఎండాకాలం 6 గంటలు, చలికాలం 10 గంటలు. పప్పు రెండు బద్దలుగా విడదీస్తే లోపల మధ్యభాగం కూడా ఒకే రంగులో ఉండాలి. నానబెట్టిన నీళ్లు పారబోయండి.

2. మొత్తం 2 లీటర్ల నీళ్లు పెట్టుకోండి. అందులో కొన్ని పోస్తూ గింజల్ని మెత్తగా రుబ్బండి. రుబ్బాక ఎక్కువసేపు ఉంచొద్దు. గింజ నలిగిన వెంటనే అందులోని ఎంజైమ్ గాలితో, నీటితో కలిసి పచ్చి వాసన పుట్టిస్తుంది. వాసన అస్సలు పడనివాళ్లు నానిన గింజల్ని ఒక్క నిమిషం మరిగే నీళ్లలో వేసి తీయొచ్చు. అంతకు మించి ఉడికిస్తే మాంసకృత్తులు గింజలోనే గడ్డకట్టి పాలు పలచబడతాయి.

3. మిగతా నీళ్లు కలిపి, పలచని నూలు గుడ్డలో వడకట్టి గట్టిగా పిండండి. గుడ్డలో మిగిలిన పిప్పి దాచండి.

4. పాలు పెద్ద గిన్నెలో, సగానికి మించకుండా పోసి కాచండి. సోయా పాలు ఆవుపాల కంటే ఎక్కువ నురగ కడతాయి. నురగ పొంగడం చూసి కాగాయి అనుకోవద్దు. పొంగు అణిగాక, అడుగంటకుండా కలుపుతూ సన్న సెగ మీద ఇంకో 10 నిమిషాలు మరగాలి. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది. అది సరిపడా వేడికే చాలావరకు పోతుంది. పిల్లలు, ముసలివాళ్లు తినే తిండి, ఇక్కడ తొందర పడకూడదు.

5. పొయ్యి ఆపి ఐదు నిమిషాలు ఆగండి. 75 నుంచి 80 డిగ్రీలు ఉంటే మంచిది. విరిచే పదార్థాన్ని ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి మూడు విడతలుగా పోయండి. ప్రతిసారీ రెండు మూడు చుట్లు నెమ్మదిగా తిప్పి వదిలెయ్యండి. గిలక్కొడితే గడ్డ చెదిరిపోతుంది.

6. మూతపెట్టి 15 నిమిషాలు కదిలించొద్దు. నీళ్లు లేత పసుపుగా, తేటగా విడిపోతే సరిపోయినట్టు. ఇంకా పాలలా ఉంటే మిగిలిన దాంట్లో ఒక చెంచా పోయండి. తేటపడితే అక్కడితో ఆపెయ్యండి.

7. చిల్లులున్న డబ్బాలో గుడ్డ పరిచి, విరుగుడు తోడిపోసి, పైన కిలో బరువు పెట్టండి. 20 నిమిషాలకు మెత్తగా, 40 నిమిషాలకు గట్టిగా వస్తుంది. నాకు 400 నుంచి 450 గ్రాములు వస్తోంది.

8. చల్లని నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి రోజూ నీళ్లు మార్చండి. మూడు రోజుల్లో వాడెయ్యండి. నా ప్యాకెట్లు పులిసింది ఎందుకంటే, వేడి తగ్గకముందే కట్టి బండి మీద పెట్టి ఎండలో తిప్పా.

వంటలు

టోఫు పులుసు: ఇది చేపల పులుసు పద్ధతే. 300 గ్రాముల గట్టి టోఫును పెద్ద ముక్కలు కోసి, ఉప్పు, పసుపు రాసి ఇనప పెనం మీద నూనెలో రెండు పక్కలా ఎర్రగా కాల్చండి. మట్టి చట్టిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, టమోటా మగ్గించి, కారం, ధనియాల పొడి వేసి, నిమ్మకాయంత చింతపండు రసం పోయండి. మామిడికాయ దొరికే కాలంలో నాలుగు ముక్కలు వెయ్యండి. పులుసు చిక్కబడి నూనె తేలాక ముక్కలు వేసి పది నిమిషాలు. దించేముందు వేయించి కొట్టిన మెంతి, ఆవ, జీలకర్ర పొడి. చేపల పులుసు మాదిరే మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఒక కిటుకు: టోఫును ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కరిగాక నీళ్లు పిండేసి వెయ్యండి. లోపల స్పాంజిలా గుల్లబారి పులుసంతా పీల్చుకుంటుంది.

టోఫు పొరుటు: కోడిగుడ్డు పొరుటు లాగానే. చేత్తో చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, మిరియాల పొడితో వేయించండి. నిమ్మరసంతో విరిచిన మెత్తని టోఫు దీనికి బాగుంటుంది. మిగిలింది కారం దోశ మీద చల్లుకోవచ్చు.

పిప్పి వడ: వడకట్టిన పిప్పి పచ్చిది, ఉడక్కుండా మనిషికైనా పశువుకైనా పెట్టొద్దు. దాన్ని బాణలిలో పది నిమిషాలు తడి ఆరేలా వేయించి, సగం కొలత నానబెట్టి రుబ్బిన శనగపప్పు, ఉల్లిపాయ, అల్లం కలిపి వడలు వెయ్యండి. పిప్పి మన ఎండకు అదే రోజు పాడవుతుంది. ఎక్కువైతే ఉడికించి కొంచెం కొంచెంగా దాణాలో కలపండి. నేను ఒక డ్రమ్ము జీవామృతంలో పప్పుపిండి బదులు కూడా వేశా, బాగానే పులిసింది. విరిగిన నీళ్లు చల్లారాక పది రెట్లు నీళ్లు కలిపి కొబ్బరి చెట్టు పాదులో పోస్తున్నా.

సోయా దొరకలేదా? బర్మాలో షాన్ వాళ్లు శనగపిండితో చేస్తారు. ఒక కప్పు పిండి, మూడు కప్పుల నీళ్లు, ఉప్పు, పసుపు ఉండలు లేకుండా కలిపి, గరిటెకు అంటుకునేంత చిక్కబడేదాకా పది నిమిషాలు తిప్పి, నూనె రాసిన పళ్లెంలో పోస్తే రెండు గంటల్లో గట్టిపడుతుంది. విరవడం లేదు, వడకట్టడం లేదు. మనం పండించే శనగతోనే అయిపోతుంది.

అమ్మాలనుకునేవాళ్లకు

ముందు ఇంట్లో పదిసార్లు చెయ్యండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి. టోఫును చల్లగా కొనేవాళ్ల గుమ్మం దాకా చేర్చే ఏర్పాటు లేకపోతే మొదలుపెట్టొద్దు. ప్యాకెట్ మీద చేసిన తేదీ, దేంతో విరిచారో, సోయా అనే మాట తప్పకుండా రాయండి. కొంతమందికి సోయా పడదు. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు మాత్రకు, సోయాకు మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడగాలి. నేను ఇప్పుడు వారానికి ఒక్కరోజే, ముందు చెప్పినవాళ్లకే చేస్తున్నా. మానేసిన మూడు ఇళ్లల్లో రెండు మళ్లీ వచ్చాయి. మూడో ఇంటికి కార్తీకంలో ఒక ప్యాకెట్ ఊరికే ఇచ్చి వద్దామని ఉంది.

మా అమ్మ సంగతా? సబ్బు ముక్క అన్న ఆమే మొన్న చట్టి దించుతూ, "రెండు ముక్కలు రేప్పొద్దునకి పక్కన పెట్టు, ఊరితేనే బాగుంటాయి" అంది. వీడియో చూసి మీరూ ఒకసారి చేసి, ఎంత గింజకు ఎంత టోఫు వచ్చిందో రాయండి. చెడినా రాయండి, ఎక్కడ చెడిందో కలిసి చూద్దాం.