జీపుకు నోరుంటే చాలదు, చెవులు కావాలి

మారేడుమిల్లి దాటి కొండల్లోకి పోయే మట్టిదారుల మీద మీరెప్పుడైనా జీపు నడిపి ఉంటే ఒక సంగతి మీకు అనుభవమై ఉండాలి. ఊరు దాటిన కాసేపటికి సెల్‌ఫోను తెరమీది గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఆ తర్వాత మిగిలేది మీరు, మీ జీపు, వెనక వస్తున్నారని మీరు అనుకుంటున్న మీవాళ్లు. “అనుకుంటున్న” అని ఎందుకన్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో మేము రెండు బళ్లమీద బయలుదేరాము. ముందుబండి నాది, పాత జీపు. పక్కన మా ఆవిడ. వెనకబండి మా బావగారిది. అందులో ఆయన, మా చెల్లెలు, తొమ్మిదేళ్ల మేనల్లుడు. ప్రయాణానికి వారంరోజుల ముందే నేను లైసెన్సు అక్కరలేని వాకీటాకీలు ఒక జత కొన్నాను. పెట్టెమీద మంచుకొండ బొమ్మ, దానికింద ఇన్ని కిలోమీటర్లు పలుకుతుందని పెద్ద అక్షరాలు. అవి చూసి పొంగిపోయాను.

రాత్రి కూచుని దానితో వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తూంటే “ప్రైవసీ కోడ్” అనే మాట కనిపించింది. ఆ కోడ్ పెట్టుకుంటే మన మాటలు ఇతరుల చెవిన పడవు కాబోలుననుకుని నా సెట్టులో ఒక అంకె పెట్టాను. రెండో సెట్టు చేతిలోకి తీసుకున్నానో లేదో భోజనానికి పిలుపు వచ్చింది. అంతే, ఆ సంగతి మరచిపోయాను.

బయలుదేరేముందు పరీక్ష చెయ్యకపోలేదు. నా సెట్టు నోటిదగ్గర పెట్టుకుని “హలో బావగారూ!” అన్నాను. వెనకబండిలోంచి ఆయన చెయ్యి ఊపారు. వినిపించిందన్నమాట! ఆయన మాట నాకు వినిపిస్తుందా లేదా అన్నది నాకు తట్టనే లేదు.

రాత్రి కురిసిన వానకు దారి అంచులు మెత్తబడి ఉన్నాయి. ఒక గుట్ట ఎక్కి, దాని మెడమీద చదునుగా ఉన్నచోట జీపు ఆపాము. మా ఆవిడ ఫ్లాస్కు మూత తీసింది. నేను సెట్టు అందుకుని, “దారి బాగానే ఉంది, నెమ్మదిగా రండి. టీ చల్లారిపోతోంది సుమండీ” అని హాస్యమాడాను. జవాబు లేదు. సెట్టుమీద చిన్న ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతోంది, ఆరుతోంది.

“ఆ దీపం ఏమిటండీ, మిణుకుమిణుకుమంటోంది?” అన్నది మా ఆవిడ.

“బ్యాటరీ తగ్గినట్లుంది” అన్నాను.

నలభై నిమిషాలు గడిచాయి. అప్పటికిగాని నాకు భయం పుట్టలేదు. జీపు తిప్పుకుని వెనక్కి వెళ్లాము. రెండు కిలోమీటర్లయినా లేదు. ఒక మలుపులో అంచు జారి, బావగారి బండి ఒరిగి చెట్టుకు ఆనుకుని నిలిచి ఉంది. ఆయన తల పగిలింది, కంటె ఎముక విరిగింది. పిల్లవాడికి దెబ్బ తగలలేదుగాని నోట మాట లేదు. మా చెల్లెలు ఒక చేత్తో బావగారి తలకు తువ్వాలు అదిమిపట్టుకుని, రెండోచేత్తో సెట్టు పట్టుకుని ఇంకా నన్ను పిలుస్తూనే ఉంది.

రంపచోడవరం ఆస్పత్రికి చేర్చాము. కుట్లు పడ్డాయి. ఆ చెయ్యి మామూలు కావడానికి మూడు నెలలు పట్టింది. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో మా చెల్లెలు నన్ను ఒక్కమాటే అడిగింది: “అన్నయ్యా! నువ్వు టీ చల్లారిపోతోందంటూంటే నాకు వినిపిస్తూనే ఉంది. నేను పిలుస్తూంటే నీకు ఏమీ తెలియలేదా?”

దీపం సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

సుబేదారుగారి తీర్పు

మా వీధి చివర ఒక సుబేదారుగారున్నారు. సైన్యంలో సిగ్నల్స్ దళంలో పనిచేసి పదవీవిరమణ చేసినవారు. రెండు సెట్లూ పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన అటూ ఇటూ నాలుగు మీటలు నొక్కి చూసి, నా సెట్టు నా ముందు పెట్టారు.

“ఇది చెడిపోలేదు. నువ్వే దీని చెవికి తాళం వేశావు” అన్నారు.

ఆ “ప్రైవసీ” అన్నది మాటలను దాచే విద్య కాదట. సెట్టు మన మాటతోపాటు సన్నని మోత నొకదానిని, సుమారు 67 మొదలు 250 హెర్ట్జుల వరకు ఉండే స్వరాలలో ఒకదానిని, కలిపి పంపుతుంది. మనకు అది వినిపించదు. అవతలి సెట్టుకు కోడ్ పెట్టి ఉంటే, ఆ మోత కలిసివచ్చిన మాటకే అది నోరు తెరుస్తుంది. మోత లేని మాట వస్తే, వచ్చినట్లు దీపం వెలిగిస్తుందిగాని పలకదు. కోడ్ లేని సెట్టు ఉన్నవాడు మాత్రం మన మాటలన్నీ హాయిగా వింటాడు. అంటే ఆ కోడ్ వల్ల నా మాట ఎవరినుంచీ దాగలేదు. లోకం మాటే నాకు దాగింది. దీపం వెలిగి మాట రాకపోతే పక్కనున్న “మానిటర్” మీట నొక్కాలి. తాళం తెరుచుకుంటుంది.

“ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారి నొక్కితే చాలునోయ్” అన్నారాయన. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఆ మర్నాటినుంచి సాయంత్రం పూట ఆయన దగ్గర పాఠం మొదలైంది. అందులో మనకు పనికివచ్చేవి ఇక్కడ చెబుతాను.

ఏ సెట్టు కొనాలి?

“ఎన్ని కిలోమీటర్లు పలుకుతుంది?” అన్నదే అందరూ మొదట అడిగే ప్రశ్న. దానికి జవాబు పెట్టెమీద ఉండదు, నేలలో ఉంటుంది. ఈ సెట్ల తరంగాలు దాదాపు చూపు పోయినట్లే తిన్నగా పోతాయి. రెండు మీటర్ల ఎత్తున ఏరియళ్లున్న రెండు బళ్లు బల్లపరుపు నేలమీద నిలబడితే లెక్కకు 11, 12 కిలోమీటర్లు అందాలి. అందులో ఒకరు 100 మీటర్ల గుట్ట ఎక్కితే లెక్క 45 కిలోమీటర్లు దాటుతుంది. మధ్య కొండ అడ్డమొస్తే కిలోమీటరు కూడా గగనమే. తడి ఆకుల అడవి కూడా తన వంతు మింగుతుంది. కనుక వాట్లు రెట్టింపు చేసుకోవడం కంటె పది మీటర్లు పైకి ఎక్కడం మేలు.

ఇక మన దేశంలో సామాన్యుడికి ఉన్న దారులు మూడు.

మొదటిది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జుల మధ్య పలికే చిన్న వాకీటాకీ. లైసెన్సు అక్కరలేదు. ఒకరి వెనక ఒకరు పోయే నాలుగు బళ్లకు ఇది చాలు. ఏరియలు జానెడు కూడా ఉండదు. దానిని విప్పి వేరొకటి తగిలించే ఆలోచన పెట్టుకోవద్దు. మార్చిన సెట్టు ఆమోదం పొందిన సెట్టు కాదు.

రెండవది 27 మెగాహెర్ట్జుల దగ్గరి సిటిజన్ బ్యాండు. ఇతర దేశాల్లో లారీవాళ్లు పొడుగాటి కడ్డీలు కట్టుకుని మాట్లాడుకునేది ఇదే. అక్కడ దానికి తగిన పావు తరంగం కడ్డీ రెండున్నర మీటర్లు దాటుతుంది. మన నిబంధన ప్రకారం లైసెన్సు లేకుండా వాడేది 5 వాట్లకు లోబడి, ఏరియలు సెట్టులోనే ఇమిడి ఉండాలి. అందువల్ల ఇక్కడ దాని బలం అంతగా తేలదు.

మూడవది అమెచ్యూర్ రేడియో, అదే “హామ్”. 144 నుంచి 146 మెగాహెర్ట్జుల దగ్గర, జీపు పైకప్పుమీద అర మీటరు కడ్డీతో, కొండల్లో నిజంగా అక్కరకు వచ్చేది ఇదే. అయితే పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయవచ్చు. ఒక బండిలో లైసెన్సుదారు ఉంటే చాలదు. అవతలి బండిలో మాట్లాడేవారికీ ఉండాలి. దీనిమీద వ్యాపార వ్యవహారాలు మాట్లాడరాదు.

ఇక కొనగూడనివి కూడా చెప్పాలి. చవకగా దొరికే కొన్ని దిగుమతి సెట్లు పోలీసుల ఛానెలు, విమానాల ఛానెలు అన్న తేడా లేకుండా ఎక్కడ పడితే అక్కడ పలుకుతాయి. వాటిని లైసెన్సు లేకుండా వాడడం నేరం. ఆన్‌లైన్ అంగళ్లలో వీటి అమ్మకాన్ని అదుపు చెయ్యడానికే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేముందు ఈ.టీ.ఏ. అనే ఆమోదపత్రం ఉన్నదా అని తప్పక అడగండి. శాటిలైట్ ఫోను సంగతి మరీ కఠినం. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో దానిని దగ్గర ఉంచుకున్నవారు, విదేశాలనుంచి వచ్చిన యాత్రికులు సైతం, అరెస్టయిన సందర్భాలున్నాయి. విదేశాల్లోని పిల్లలు ప్రేమతో పంపినా సరే, పెట్టెలో పెట్టుకోవద్దు.

ఎట్లా అమర్చాలి?

చేతి సెట్టయితే బండిలోపల కూచుని మాట్లాడకండి. ఇనప కప్పు తరంగాన్ని అటకాయిస్తుంది. బండి ఆపి, దిగి, సెట్టు నిలువుగా పట్టుకుని పలకండి.

బండికి అమర్చే హామ్ సెట్టయితే దాని ప్రాణమంతా ఏరియలులో ఉంది. కడ్డీకి చోటు పైకప్పు నడిబొడ్డు. కిందనున్న ఇనప రేకు తరంగానికి నేలలాగ పనిచేసి నాలుగు దిక్కులకూ సమంగా పంపుతుంది. బంపరు మూలన కడితే ఒక దిక్కుకు బాగా పోయి మరో దిక్కున నీరసపడుతుంది. గుడ్డకప్పు జీపుకయితే కింద లోహపు పలక ఒకటి ఏర్పాటు చేసుకోవాలి. కొమ్మలు తగిలే దారుల్లో కడ్డీ అడుగున స్ప్రింగు ఉండడం మంచిది.

కరెంటు సిగరెట్ లైటర్ కన్నంలోంచి తీసుకోవద్దు. దారి కుదుపులకు అది ఊడుతుంది, సన్నని తీగ వేడెక్కుతుంది. బ్యాటరీనుంచే నేరుగా లావుపాటి తీగ లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. ఏరియలు తీగ తలుపు సందున నలగకుండా చూడండి. చివరకు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు తగిలించి చూడాలి. పంపిన బలంలో ఎంత వెనక్కి తిరిగి వస్తోందో అది చెబుతుంది. ముల్లు 1.5 లోపల ఉంటే నిశ్చింత. 3 దాకా పోతే సెట్టుకే చేటు. ఏరియలు తగిలించకుండా మాట్లాడే మీట ఎన్నడూ నొక్కవద్దు.

ఎట్లా మాట్లాడాలి?

మీట నొక్కి ఒక్క క్షణం ఆగి మాట మొదలుపెట్టండి. లేకపోతే మొదటిమాట తెగిపోతుంది. ముందు ఎవరిని పిలుస్తున్నారో వారి పేరు, తర్వాత మీ పేరు. మాట పొట్టిగా ఉండాలి. అయిపోయిందని చెప్పి మీట వదలాలి. ఇద్దరూ ఒక్కసారే నొక్కితే ఇద్దరికీ వినపడదు.

బండి నడిపేవాడి చేతిలో సెట్టు ఉండగూడదు. ఉన్న సెట్లలో మంచిది చివరిబండికి ఇవ్వాలి. ఎందుకంటే ఆపద వచ్చినప్పుడు కనబడకుండాపోయేది ఆ బండే. ఎవరికీ పని లేకపోయినా అరగంట కొకసారి పలకరించుకోవాలి. పలకకపోతే ఎంతసేపు ఆగాలో, ఎక్కడికి తిరిగి రావాలో ఇంటిదగ్గరే నిర్ణయించుకోవాలి. పది నిమిషాలు ఆగి, చివరిసారి ఇద్దరూ ఒకరికొకరు కనిపించిన చోటికి తిరిగిపోవడం మా నియమం. పరీక్ష అంటే రెండువైపులా పరీక్ష. “వినిపిస్తోందా?” అని అడిగితే చెయ్యి ఊపడం జవాబు కాదు, సెట్టులోంచి వచ్చిన మాటే జవాబు.

సుబేదారుగారు తరచు ఒక సంగతి తలుచుకుంటారు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీప్రసాద్ గారి నాయకత్వంలో ఒక బృందం అండమాను వెళ్లింది. ఆ దీవులనుంచి హామ్ రేడియోలో లోకాన్ని పలకరించాలన్న ఉత్సాహంతో వెళ్లినవారు వారు. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. తక్కిన సంబంధాలు తెగిపోయినచోట వారు తమ సెట్లను సహాయానికి మళ్లించారు. దీవుల్లో చిక్కినవారి క్షేమసమాచారాలు వారి ద్వారా బయటకు వచ్చాయి. “సరదాకు తెచ్చిన పెట్టెలే. కాని వినడం తెలిసినవాళ్ల చేతిలో ఉన్నాయి” అంటారాయన.

నిరుడు సుబేదారుగారి బలవంతాన మా చెల్లెలూ నేనూ పరీక్ష రాసి లైసెన్సులు తెచ్చుకున్నాము. దీపం సంగతి కూడా ఆమెకు చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. “ఈసారి సెట్లు రెండూ నేనే చూస్తాను” అన్నది చివరకు.

మొన్న కార్తీకానికి మళ్లీ అదే దారిన వెళ్లాము. మేనల్లుడికి వచ్చే ఏడు పన్నెండు నిండుతాయి. వాడు వెనకసీట్లో పరీక్ష పుస్తకం పట్టుకుని కూచున్నాడు. ఆ మలుపు దగ్గర దారి వెడల్పుగా ఉంది. మా చెల్లెలి బండి నా అద్దంలో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. అయినా సెట్టు పలికింది.

“అన్నయ్యా, వినిపిస్తోందా?”

జీపు పక్కకు తీసి ఆపి, మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, “వినిపిస్తోందమ్మా” అన్నాను.