పది చోట్ల సరుకు, ఒకే లెక్క: డైనమిక్ వీపీఎన్ ఎలా పనిచేస్తుంది?

గుంటూరు మిర్చి వ్యాపారం యార్డు గోడల మధ్యే ఆగిపోదు. యార్డు దగ్గర కమిషన్ షాపు, ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఉంటాయి. పత్తి కూడా చేసేవాళ్లకైతే చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు, పర్చూరులో గోడౌన్ ఉండొచ్చు. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతువి ఎన్ని టిక్కీలు ఉన్నాయో షాపులో వెంటనే తెలియకపోతే బేరం ఆగుతుంది. ధర ఉన్న రోజు సరుకు అమ్ముకోలేక నష్టపోయేది రైతే.

అందుకే అన్ని చోట్ల లెక్కలనూ ఇంటర్నెట్ ద్వారా కలుపుకోవాల్సి వస్తుంది. అయితే ఇంటర్నెట్ అందరూ తిరిగే రోడ్డు. నిల్వలు, ధరలు, బ్యాంకు వివరాలు బాహాటంగా పంపితే దారిలో ఎవరైనా చూడొచ్చు. అదే రోడ్డు మీద సమాచారాన్ని తాళం వేసిన లారీలా చేరవేసేది వీపీఎన్, అంటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్.

మామూలు వీపీఎన్‌తో చిక్కేంటి?

రెండు చోట్లను కలపడానికి ఒక్క టన్నెల్ చాలు. పది చోట్లను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 45 కావాలి. ఇరవై చోట్లయితే 190. కొత్త గోడౌన్ తెరిచిన ప్రతిసారీ పాత రౌటర్లన్నిటినీ ముట్టుకోవాలి. పైగా మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ అడ్రస్ స్థిరంగా ఉండదు. కరెంటు పోయి వచ్చినా మారిపోవచ్చు.

పోనీ అంతా హెడ్ ఆఫీసు మీదుగా పంపితే? పర్చూరు నుంచి పక్కనే ఉన్న చిలకలూరిపేటకు వెళ్లాల్సిన సమాచారం గుంటూరు దాకా వెళ్లి వెనక్కి రావాలి. ఆలస్యంతో పాటు గుంటూరు లైన్ మీద భారం కూడా పెరుగుతుంది.

డైనమిక్ పద్ధతి ఇదీ

ఈ చిక్కుకు సిస్కో కంపెనీ తెచ్చిన పరిష్కారమే డీఎంవీపీఎన్. ఇందులో హెడ్ ఆఫీసు రౌటర్ 'హబ్'. దీనికి మాత్రం స్థిరమైన అడ్రస్ ఉండాలి. బ్రాంచ్ రౌటర్లు 'స్పోకులు'. ప్రతి స్పోక్ ఆన్ కాగానే తన ప్రస్తుత అడ్రస్‌ను హబ్ దగ్గర నమోదు చేసుకుంటుంది. ఈ పనికి వాడేది ఎన్‌హెచ్ఆర్‌పీ అనే పద్ధతి. దాని ప్రమాణం 1998లోనే వచ్చింది.

పర్చూరు గోడౌన్‌కు చిలకలూరిపేట మిల్లుతో పని పడితే ముందు హబ్‌ను అడ్రస్ అడుగుతుంది. అడ్రస్ అందగానే రెండింటి మధ్య నేరుగా టన్నెల్ లేస్తుంది. పని అయిపోయి కొంతసేపు వాడకం లేకపోతే దానంతట అదే మూసుకుపోతుంది. సమాచారానికి తాళం వేసే పని ఐపీసెక్‌ది. కొత్త బ్రాంచ్ వస్తే దాని రౌటర్ ఒక్కటి సిద్ధం చేస్తే చాలు, మిగతా బ్రాంచ్‌ల జోలికి పోనక్కర్లేదు.

జాగ్రత్తలు

ఇది మంత్రమేమీ కాదు. లైన్ బలహీనంగా ఉంటే వీపీఎన్ దాన్ని బాగుచేయదు. రెండు బ్రాంచ్‌లూ మొబైల్ డేటా మీద నడుస్తుంటే నేరుగా టన్నెల్ కుదరకపోవచ్చు. అప్పుడు సమాచారం హబ్ మీదుగానే వెళ్తుంది.

హబ్ పడిపోతే కొత్త కనెక్షన్లు ఆగిపోతాయి. మిర్చి సీజన్‌లో అలా జరిగితే షాపులో లెక్క తేలదు, రైతు ఎదురుచూడాలి. అందుకే వేరే కంపెనీ లైన్ మీద రెండో హబ్ పెట్టుకోవడం మంచిది.

అన్ని బ్రాంచ్‌లకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం మరో ప్రమాదం. ఒక్క గోడౌన్‌లో రౌటర్ పోయినా అన్ని తాళాలూ తెరిచినట్టే. ప్రతి రౌటర్‌కూ విడిగా డిజిటల్ సర్టిఫికెట్ ఇస్తే, పోయిన దాన్ని ఒక్కదాన్నే రద్దు చేయొచ్చు.

నాలుగు చోట్ల పని ఉన్నవాళ్లు నెట్‌వర్క్ పెట్టించుకునేటప్పుడు రౌటర్ ధర ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. హబ్ ఆగితే ఏం చేస్తారు, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్న రెండు ప్రశ్నలకూ ముందే జవాబు రాబట్టుకోవాలి.