'రాదు' అనకండి, 'ఇంకా రాలేదు' అనండి

రాఫెల్స్ ప్లేస్ అంటే ఇప్పుడు ఆకాశాన్నంటే బ్యాంకు భవనాలు. రెండు వందల ఏళ్ల కిందట అక్కడ ఉన్నది ఒక చిన్న గుట్ట. దాని పక్కన, నది ఒడ్డున అంతా బురద నేల. 1822లో రాఫెల్స్ ఆ గుట్టను తవ్వించి, ఆ మట్టితో ఇప్పటి బోట్ క్వే వైపు బురదను పూడ్పించడం మొదలుపెట్టాడు. చైనా, మలయ్, ఇండియా కూలీలు రెండు మూడు వందల మంది రోజుకు ఒక రూపాయి కూలికి ఆ పని చేశారని మున్షీ అబ్దుల్లా తన జీవిత కథలో రాశాడు. మూడు నాలుగు నెలల్లో గుట్ట నేలమట్టమైంది. అదంతా తట్టలతో మోసిన మట్టే.

మన ఎదుగుదల కూడా అలాగే తట్టెడు తట్టెడుగా జరుగుతుంది. కానీ ఆ భవనాల్లోకి టై కట్టుకుని వెళ్లేవాళ్లను చూసి "మన చదువింతే, మన బతుకింతే" అనుకునేవాళ్లం మనలో చాలామందిమి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కారొల్ డ్వెక్ 2006లో 'మైండ్‌సెట్' అనే పుస్తకం రాశారు. తెలివి పుట్టుకతో ఇంతేనని నమ్మినవాడు ఓటమి ఎదురైతే చతికిలపడతాడు, నేర్చుకుంటే పెరుగుతుందని నమ్మినవాడు మళ్లీ ప్రయత్నిస్తాడు అన్నది ఆమె మాటల సారాంశం. "నాకు ఇంగ్లీషు రాదు" అంటే కథ ముగిసింది. "ఇంకా రాలేదు" అంటే రేపు వస్తుందన్న ఆశ ఉంది.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. 2024 జనవరి నుంచి కన్‌స్ట్రక్షన్‌లో ఇండియా నుంచి వచ్చిన బేసిక్ స్కిల్ వర్కర్‌కు కంపెనీ నెలకు 900 డాలర్ల లెవీ కట్టాలి. హయ్యర్ స్కిల్ వర్కర్‌కు 500 చాలు. అంటే మనం పని నేర్చుకుంటే కంపెనీకి నెలకు 400 డాలర్లు మిగులుతాయి. కోర్‌ట్రేడ్ పరీక్షకు పంపమని సూపర్‌వైజర్‌ను అడగడానికి మొహమాటం దేనికి? పాసైతే జీతం దానంతటదే పెరగదు. ఈ లెక్క చెప్పి పెంచమని మర్యాదగా అడగాలి.

రోజంతా కష్టపడి వచ్చాక చదవడానికి ఓపిక ఉండదు, నిజమే. అందుకే కొంచెంతోనే మొదలుపెడదాం. లారీలో వెళ్లేటప్పుడు రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటే నెలకు 150 అవుతాయి. సైటులో వాడే పనిముట్ల పేర్లతో మొదలుపెడితే మరీ సులువు.

ఇంకో మాట. మనసు గట్టి చేసుకున్నంత మాత్రాన ఆగిపోయిన జీతం రాదు. అలాంటి కష్టానికి మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ ఉంది, మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్ ఉంది. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా 2006లో మొదలైన హెల్త్‌సర్వ్ సంస్థలో కౌన్సెలింగ్ ఇస్తారు. సాయం అడగడం చిన్నతనం కాదు సోదరులారా. పక్క మంచం తమ్ముడు నాలుగు రోజులుగా మాట్లాడకుండా ఉంటే ముందు మనమే వెళ్లి "తిన్నావా?" అని పలకరిద్దాం.